కాల్చిన ఉల్లిపాయ

కాల్చిన ఉల్లిపాయ అనగా ఉల్లిపాయను కోయకుండా, పొట్టు తీయకుండా, నిప్పుల మీద గాని, కుమ్ములో గాని, ఓవెన్‌లో గాని లోపలివరకు మెత్తబడేట్లు కాల్చి తయారుచేసే శాకాహార వంటకం. దీనికి నూనె, నీరు, పాత్ర ఏవీ తప్పనిసరి కావు. ఉల్లిపాయ పొట్టే పాత్రగాను, అందులోని నీరే ఎసరుగాను పనిచేస్తాయి. పాలు, నెయ్యి, గ్రుడ్లు, తేనె వంటి జంతు సంబంధమైన పదార్థాలేవీ లేనందువలన ఇది వీగన్ ఆహారం కూడా. పచ్చిగా ఉన్నప్పుడు కంట నీరు తెప్పించే ఉల్లిపాయ ఈ విధంగా కాల్చిన తరువాత తియ్యగా, వెన్నవలె మెత్తగా మారుతుంది. నిప్పు తగిలేవరకు దానిని కోయకుండా ఉంచడమే ఈ మార్పుకు ముఖ్య కారణం.

పేరు

కోస్తా ప్రాంతంలో ఉల్లిపాయ అనియు, తెలంగాణలో ఉల్లిగడ్డ అనియు, రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలలో ఎర్రగడ్డ అనియు దీనిని పిలుస్తారు. వెల్లుల్లి నుండి వేరుగా గుర్తించడానికి నీరుల్లి అనే మాట కూడా ఉన్నది. ఉల్లిపాయ బరువులో దాదాపు 89 శాతం నీరే కనుక ఆ పేరు అన్వర్థం. సంస్కృతంలో పలాండువు అంటారు. శాస్త్రీయ నామం అల్లియమ్ సెపా. వృక్షశాస్త్ర రీత్యా మనం తినే భాగం దుంప కాదు, వేరు కాదు. ఆహారాన్ని నిలువచేసుకొని దళసరి అయిన ఆకు పీఠాల పొరలతో ఏర్పడిన లశునం.

తెలుగులో కాల్చడం, వేయించడం, ఉడికించడం అనేవి మూడు వేర్వేరు పనులు. వేయించడానికి నూనె లేదా మూకుడు కావలెను. ఉడికించడానికి నీరు కావలెను. కాల్చడానికి నిప్పు ఒక్కటే చాలును. బూడిద కప్పిన నిప్పులను కుమ్ము అంటారు. మండే మంట కంటె కుమ్ము వేడి తగ్గి ఉండి, ఎక్కువసేపు నిలుస్తుంది. అందువలన దుంపలు, ఉల్లిపాయలు, వంకాయలు కుమ్ములో పెట్టి కాల్చే పద్ధతి ఏర్పడింది.

చరిత్ర

ఉల్లి జన్మస్థానం మధ్య ఆసియా ప్రాంతమని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఐదు వేల సంవత్సరాలకు పైగా మానవుడు దీనిని సాగుచేస్తున్నాడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో భద్రపరచిన, సుమారు క్రీ.పూ. 1700 నాటి బాబిలోనియా మట్టి పలకలపై వ్రాసిన వంటల వివరాలలో ఉల్లి, వెల్లుల్లి, లీక్ జాతులు పదే పదే కనిపిస్తాయి. ఈజిప్టులోని గొప్ప పిరమిడ్ మీద, కూలీల ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి కొరకు అయిన ఖర్చు 1600 టాలెంట్ల వెండి అని వ్రాసి ఉన్నట్లు గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ పేర్కొన్నాడు. ఈజిప్టును విడిచి అరణ్యంలో తిరుగుతున్న ఇశ్రాయేలీయులు అక్కడ తిన్న ఉల్లిపాయలను తలచుకొని వాపోయినట్లు బైబిలు సంఖ్యాకాండంలో ఉన్నది. ఈ రెండు ప్రస్తావనలను బట్టి ఉల్లి ప్రాచీన కాలం నుండి శ్రామికుల ఆహారమని తెలుస్తుంది.

భారతదేశంలో ఉల్లికి రెండు విధాల ఆదరణ ఉండేది. చరక సంహిత వంటి వైద్య గ్రంథాలు పలాండువును వాతహరమనియు, బలకరమనియు చెప్పినవి. మనుస్మృతి ద్విజులకు దీనిని నిషేధించింది. ఏడవ శతాబ్దంలో భారతదేశంలో పర్యటించిన చైనా యాత్రికుడు హ్యూయాన్ త్సాంగ్ ఇక్కడ ఉల్లి, వెల్లుల్లి వాడకం తక్కువనియు, తినేవారిని ఊరి వెలుపల ఉంచేవారనియు వ్రాశాడు.

మట్టిపాత్రలు రాకముందే మానవుడు దుంపలను, గడ్డలను నిప్పులో కాల్చుకొని తినడం నేర్చాడు. ఉల్లిపాయను పొట్టుతో కాల్చే పద్ధతి ఆ కోవకు చెందినది. ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక దేశాలలో ఇది కనిపించడానికి కారణం కూడా ఇదే.

రుచి మారడానికి కారణాలు

ఘాటు ఎలా పుడుతుంది

కోయని ఉల్లిపాయకు ఘాటు వాసన దాదాపు ఉండదు. ఘాటు ఉల్లిపాయలో సిద్ధంగా ఉండే పదార్థం కాదు. కోసినప్పుడు అప్పటికప్పుడు తయారయ్యేది. ఉల్లి కణాల కణద్రవ్యంలో ఐసోఅల్లిన్ అనే గంధక సమ్మేళనం ఉంటుంది. అల్లినేజ్ అనే ఎంజైము అదే కణంలోని రిక్తికలలో విడిగా ఉంటుంది. కత్తి పడినప్పుడు, నలిగినప్పుడు, కొరికినప్పుడు కణాలు చిట్లి ఈ రెండూ కలుస్తాయి. ఈ చర్యలో పుట్టిన పదార్థాలలో ఒకటి ఆవిరిగా కంటిని చేరి నీరు తెప్పిస్తుంది.

ఈ కన్నీటి కారకం తయారుకావడానికి అల్లినేజ్ మాత్రమే చాలదనియు, మరొక ప్రత్యేక ఎంజైము కూడా అవసరమనియు 2002లో జపాన్ శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ప్రకటించారు. ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2013లో రసాయన శాస్త్ర విభాగంలో వీరికి లభించింది.

ఎంజైములు మాంసకృత్తులు. అధిక ఉష్ణానికి వాటి నిర్మాణం చెడి, పనిచేయడం మానుతాయి. ఉల్లిపాయను కోయకుండా కాల్చినప్పుడు, కణాలు విచ్ఛిన్నమై రెండు పదార్థాలు పూర్తిగా కలిసేలోపే వేడివలన ఎంజైము నశిస్తుంది. కొద్దిపాటి చర్య జరిగినా, పుట్టిన ఘాటు పదార్థాలు ఆవిరితో పాటు బయటకు పోతాయి. కోసి వేయించిన ఉల్లిపాయలో ఘాటు ముందుగా పుట్టి, తరువాత వేడికి తగ్గుతుంది. కోయకుండా కాల్చిన ఉల్లిపాయలో ఘాటు చాలావరకు పుట్టనే పుట్టదు. ఈ రెండింటి రుచిలోని భేదానికి మూలం ఇదే.

తీపి ఎక్కడి నుండి వస్తుంది

ఉల్లిపాయలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ అనే చక్కెరలు మొదటి నుండి ఉన్నవి. పచ్చిగా తిన్నప్పుడు ఘాటు నాలుకను కప్పివేయడం వలన ఆ తీపి తెలియదు. ఘాటు లేకపోతే తీపి బయటపడుతుంది. అంతేకాక కాలేటప్పుడు నీరు కొంత ఆవిరి కావడంతో చక్కెరల సాంద్రత పెరుగుతుంది. ఫ్రక్టోజ్ గొలుసులైన ఫ్రక్టాన్లు కూడా కొంతవరకు విడిపోయి తీపికి తోడవుతాయి.

ఘాటైన ఉల్లిలో చక్కెర తక్కువ అనే అభిప్రాయం సాధారణంగా ఉన్నది. ఇది సరికాదు. నిలువకు పనికివచ్చే ఘాటైన రకాలలో నీరు తక్కువ, ఘనపదార్థం ఎక్కువ. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పండే విడేలియా ఉల్లి తియ్యగా ఉండడానికి కారణం అక్కడి నేలలో గంధకం తక్కువగా ఉండడమే గాని, అందులో చక్కెర మిక్కిలిగా ఉండడం కాదు. కనుక కాల్చడానికి తీపి ఉల్లి కొరకు వెదకవలసిన అవసరం లేదు. మామూలు ఘాటు ఉల్లిపాయే కాలిన తరువాత చిక్కని తీపిని ఇస్తుంది.

పొట్టు చేసే పని

ఎండిన పై పొట్టు లోపలి తేమను పట్టి ఉంచుతుంది. నీరు ఉన్నంతవరకు లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్‌ను మించదు. అందువలన బయట నిప్పు ఎంత వేడిగా ఉన్నా, లోపలి పొరలు తమ ఆవిరిలో తామే ఉడుకుతాయి. ఈ వేడికి కణాలను అంటిపెట్టుకొని ఉండే పెక్టిన్ కరగి, పొరలు మెత్తబడతాయి. పొట్టుకు ఆనుకొని ఉన్న ఒకటి రెండు పొరలలో మాత్రం నీరు ఇంకిపోయి వేడి పెరుగుతుంది. అక్కడ చక్కెరలు, ఎమినో ఆమ్లాలు కలిసి గోధుమ రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ పేరు మీద దీనిని మయార్ చర్య అంటారు. పొట్టు తీసి కాల్చిన ఉల్లిపాయ పైన మాడి, లోపల ఎండిపోతుంది.

ఉల్లిపాయల ఎంపిక

* గట్టిగా, బరువుగా ఉండి, పొట్టు చిరగకుండా ఉన్నవి శ్రేష్ఠం.
* మెడ భాగం సన్నగా, బాగా ఎండి ఉండవలెను. మెడ మెత్తగా ఉంటే లోపల కుళ్ళు ఉండే అవకాశం ఉన్నది.
* మొలక వచ్చిన ఉల్లిపాయలలో నడిమి భాగం పీచుగా ఉంటుంది. ఇవి పనికిరావు.
* పొట్టు మీద నల్లని పొడి వంటిది ఉంటే అది బూజు. లోపలికి పాకినవాటిని పారవేయవలెను.
* ఒకేసారి కాల్చే ఉల్లిపాయలన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండవలెను.

కుమ్ములో కాల్చడానికి 100 నుండి 150 గ్రాముల మధ్యరకం ఉల్లిపాయలు, ఓవెన్‌కు 200 గ్రాములు, ఆపైన ఉన్నవి అనుకూలం. బళ్ళారి ఉల్లిగా పేరొందిన పెద్ద ఉల్లిపాయ, కర్నూలు ప్రాంతంలో పండే ఎర్ర ఉల్లిపాయ రెండూ పనికివస్తాయి. కడప జిల్లాకు చెందిన కృష్ణాపురం ఉల్లి చిన్నదిగా, ముదురు ఎరుపుగా, మిక్కిలి ఘాటుగా ఉంటుంది. దీనిని ఎక్కువగా ఎగుమతి కొరకే పండిస్తారు. తెల్ల ఉల్లిపాయలు త్వరగా మెత్తబడతాయి.

తయారుచేసే విధానం

కావలసిన పదార్థాలు (నలుగురికి)

* ఉల్లిపాయలు - 4
* ఉప్పు - తగినంత
* నిమ్మకాయ - సగం చెక్క
* మిరియాల పొడి లేదా కారం - చిటికెడు
* నువ్వుల నూనె లేదా వేరుశనగ నూనె - 1 చెంచా (ఇష్టమైనచో)

ఉల్లిపాయలకు అంటిన మట్టిని గుడ్డతో తుడవవలెను. కడిగినచో పూర్తిగా ఆరనివ్వవలెను. వేర్లను పీకవచ్చును గాని, వేరు మొదలును కోయరాదు. పొరలన్నిటినీ కలిపి ఉంచేది ఆ మొదలే. దానిని కోస్తే రసం కారిపోవడమే కాక, కోసిన చోట ఘాటు కూడా పుడుతుంది.

కుమ్ములో కాల్చడం

కట్టెల పొయ్యిలో వంట ముగిసి, మంట ఆరిన తరువాత నిప్పులను ఒక ప్రక్కకు చేర్చి, మధ్య గుంట చేసి, ఉల్లిపాయలను ఉంచి, పైన నివురుతో కూడిన నిప్పులు కప్పవలెను. పది నిమిషాలకు ఒకసారి పట్టకారుతో త్రిప్పుతూ ఉండవలెను. మధ్యరకం ఉల్లిపాయకు 30 నుండి 40 నిమిషాలు పడుతుంది. మండే మంటలో వేయరాదు. పైన బొగ్గు అవుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. కొత్తగా త్రవ్విన, తేమ ఎక్కువగా ఉన్న ఉల్లిపాయలు అప్పుడప్పుడు నిప్పులలో చిట్లుతాయి. కనుక పిల్లలను దూరంగా ఉంచవలెను.

కుంపటి మీద బొగ్గులతో కూడా ఇదే విధంగా చేయవచ్చును. రంగు వేసిన కలప, ప్లైవుడ్ ముక్కలు కాల్చగా వచ్చిన నిప్పులను ఎట్టి పరిస్థితిలోను వాడరాదు.

గ్యాస్ పొయ్యి మీద కాల్చడం

పుల్కాలు కాల్చే జాలీని బర్నరు మీద ఉంచి, చిన్న ఉల్లిపాయలను (80 నుండి 100 గ్రాములు) సన్నని సెగ మీద నాలుగు వైపులా త్రిప్పుతూ 15 నుండి 20 నిమిషాలు కాల్చవలెను. పొట్టు అంతా నల్లబడిన తరువాత వెంటనే ఒక గిన్నెలో వేసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచవలెను. తనలోని ఆవిరికే లోపలి భాగం మగ్గుతుంది. గ్యాస్ మంట ఒకే చోట తగులుతుంది కాబట్టి ఈ పద్ధతికి పెద్ద ఉల్లిపాయలు పనికిరావు.

ఓవెన్‌లో కాల్చడం

ఓవెన్‌ను ముందుగా 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, పళ్ళెంలో ఉల్లిపాయలను వేరు మొదలు క్రిందికి ఉండేటట్లు నిలిపి ఉంచవలెను. 200 గ్రాముల ఉల్లిపాయకు సుమారు గంట, అంతకు పెద్దవాటికి గంటంబావు పడుతుంది. క్రిందికి కారిన రసం పళ్ళెంలో గట్టిపడి పాకంవలె అంటుకుంటుంది కనుక పళ్ళెంలో కాగితం పరచుకొనుట మంచిది. అల్యూమినియం రేకు చుట్టి కూడా కాల్చవచ్చును. అయితే రేకులో చుట్టినది ఆవిరికి ఉడికినట్లు ఉంటుంది. కాలిన వాసన రాదు. చివరి పదిహేను నిమిషాలు రేకు విప్పి ఉంచితే ఈ లోపం కొంత తీరుతుంది. మైక్రోవేవ్‌లో ఉల్లిపాయ మెత్తబడుతుంది గాని కాలదు.

కాలినదని గుర్తించడం

* రెండు వైపులా వ్రేళ్ళతో నొక్కితే లొంగవలెను.
* సన్నని ఊచను ప్రక్క నుండి గుచ్చితే నడిమి వరకు అడ్డు లేకుండా దిగవలెను.
* మెడ వద్ద రసం బుడగలుగా వచ్చి, అంచున గోధుమ రంగులో గట్టిపడి ఉండవలెను.

ఊచ నడిమికి చేరేసరికి గట్టిగా తగిలితే మరికొంతసేపు కాల్చవలెను. ఎక్కువసేపు కాలినందువలన కలిగే నష్టం తక్కువ. పైన ఒక పొర అదనంగా పోతుంది. తక్కువ కాలినచో లోపలి పచ్చి వాసన వంటకాన్ని పాడుచేస్తుంది.

వడ్డించే పద్ధతులు

ఐదు నిమిషాలు చల్లారిన తరువాత మెడ వైపు కొద్దిగా కోసి, వేరు మొదలును పట్టి నొక్కితే లోపలి భాగం పొట్టు నుండి జారి వస్తుంది. మాడిన పొట్టును, దానికి అంటిన ఎండు పొరను తీసివేయవలెను. పొరలను రేకులవలె విప్పి ఉప్పు, నిమ్మరసం, మిరియాల పొడి చల్లి వేడిగా తినవచ్చును. జొన్న రొట్టె, రాగి సంకటి, గటక, అన్నం, ముద్దపప్పు వీటన్నిటితోను సరిపోతుంది. పచ్చిమిరపకాయలను కూడా కాల్చి, చింతపండు, ఉప్పు చేర్చి రోటిలో కచ్చాపచ్చాగా నూరితే కాల్చిన ఉల్లిపాయ పచ్చడి అవుతుంది. మిక్సీలో వేసినచో ముద్దగా అయి రుచి తగ్గుతుంది.

వివిధ ప్రాంతాలలో

తెలుగునాట

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు" అనే సామెత తెలుగువారిలో ప్రసిద్ధం. పొలం కాపలాలోను, చలికాలపు నెగళ్ళ వద్దను చిలగడదుంపలు, మొక్కజొన్న కండెలతో పాటు ఉల్లిపాయలను కూడా కుమ్ములో వేసి కాల్చుకొనడం గ్రామాలలో తెలిసిన పద్ధతే. పచ్చిపులుసులో పచ్చి ఉల్లిపాయ ముక్కలకు బదులు కాల్చిన ఉల్లిపాయను పిసికి కలుపుకునేవారు కూడా ఉన్నారు. కాల్చిన వంకాయతో చేసే పచ్చడికి ఉన్నంత ప్రాచుర్యం కాల్చిన ఉల్లిపాయకు రాలేదు. వంకాయ మంట మీదనే కాలుతుంది. ఉల్లిపాయకు నిదానంగా నిలిచే నిప్పు కావలెను.

వంటగ్యాస్ వ్యాప్తితో ఇళ్ళలో కుమ్ము కనుమరుగైంది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ప్రారంభమైన ఉజ్వల పథకం గ్రామీణ కుటుంబాలకు గ్యాస్ కనెక్షన్లు అందించాయి. పొగ వలన కలిగే శ్వాసకోశ వ్యాధుల దృష్ట్యా ఇది ఎంతో మేలైన మార్పు. అయితే కుమ్ము మీద ఆధారపడిన చిన్న వంటలు కొన్ని ఈ మార్పుతో వాడుక తప్పాయి. కాల్చిన ఉల్లిపాయ వాటిలో ఒకటి. ఓవెన్ ఉన్న పట్టణ గృహాలలో దీనిని మరల చేసుకొనడానికి వీలున్నది.

మహారాష్ట్ర

ఖాందేశ్ ప్రాంతంలో నల్ల మసాలా రసాలకు ఉల్లిపాయలను పొట్టుతోనే నిప్పుల మీద నల్లగా కాల్చి, ఎండుకొబ్బరిని కూడా కాల్చి, మసాలా దినుసులతో కలిపి నూరుతారు. ఇక్కడ కాల్చిన ఉల్లిపాయ విడి వంటకం కాదు. పులుసుకు చిక్కదనాన్ని, రంగును ఇచ్చే పదార్థం.

కాటలోనియా

స్పెయిన్ దేశంలోని కాటలోనియాలో కల్సోట్ అనే ఉల్లి కాడలను ద్రాక్ష తీగల మంటపై పైపొర నల్లబడేవరకు కాల్చి, వార్తాపత్రికలలో చుట్టి మగ్గబెడతారు. తరువాత పైపొరను వలిచి, బాదం, టమాటా, మిరపతో చేసిన పచ్చడిలో ముంచుకొని తింటారు. వాల్స్ పట్టణంలో జనవరి చివరి ఆదివారం దీని పేరిట ఉత్సవం జరుగుతుంది. ఇదే ప్రాంతంలో వంకాయ, మిరప, ఉల్లిపాయలను మొత్తంగా నిప్పులలో కాల్చి, వలిచి, ఆలివ్ నూనె చల్లి తినే వంటకాన్ని ఎస్కలివాడ అంటారు.

టర్కీ

ఆగ్నేయ టర్కీలోని కబాబ్ భోజనశాలలలో నిప్పులపై కాల్చిన ఉల్లిపాయలను విప్పి, దానిమ్మ పులుసు, సుమాక్ పొడి కలిపి వడ్డిస్తారు. ఉల్లి తీపికి ఈ పులుపు చక్కగా సరిపోతుంది. దానిమ్మ పులుసు దొరకనిచోట చింతపండు పులుసును వాడవచ్చును.

అమెరికా

జార్జియా రాష్ట్రంలో 1990లో విడేలియా ఉల్లిని రాష్ట్ర కూరగాయగా ప్రకటించారు. అక్కడ దీని నడిమి భాగాన్ని తొలిచి, వెన్న పెట్టి, రేకు చుట్టి కాల్చడం వాడుక. వెన్న చేరినందున అది వీగన్ వంటకం కాదు. వెన్నకు బదులు నూనె వాడేవారు కూడా ఉన్నారు.

ఇతర దేశాలు

వియత్నాంలో ఫో అనే నూడుల్స్ చారుకు ఉల్లిపాయను, అల్లాన్ని మంటపై నల్లగా కాల్చి వేస్తారు. మెక్సికోలో పచ్చళ్ళకు ఉల్లి, టమాటా, మిరపలను పెనం మీద నూనె లేకుండా కాల్చుతారు.

ఆహార నియమాలు

వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వీగన్ సొసైటీని స్థాపించినప్పుడు పుట్టింది. జంతువుల నుండి వచ్చిన ఏ పదార్థాన్నీ వాడకపోవడం దీని నియమం. ఆ లెక్కన కాల్చిన ఉల్లిపాయ పూర్తిగా వీగన్ ఆహారం.

భారతదేశంలోని శాకాహార నియమాలు దీనికి భిన్నమైనవి. పాలు, పెరుగు, నెయ్యిని స్వీకరించే వైష్ణవ సంప్రదాయాలలో ఉల్లి, వెల్లుల్లి రాజస తామస గుణాలను పెంచుతాయని వర్జిస్తారు. జైనులు నేలలో పెరిగే గడ్డలన్నిటినీ, వాటిలోని జీవులకు హాని కలుగుతుందని, వర్జిస్తారు. దేవాలయ నైవేద్యాలలోను, వ్రత దినాలలోను, చాతుర్మాస్యంలోను ఉల్లిని మానేవారు తెలుగునాట అనేకులు. కాల్చినందువలన ఘాటు పోయినా ఈ నిషేధం తొలగదు. కనుక అతిథి వీగన్ అయినంత మాత్రాన ఉల్లి తింటారని గాని, ఉల్లి మానినవారు వీగన్ అని గాని భావించరాదు. వడ్డించే ముందు అడగడం మర్యాద.

పోషక విలువలు

100 గ్రాముల పచ్చి ఉల్లిపాయలో సుమారుగా ఉండేవి:

* శక్తి - 40 కిలో కేలరీలు
* పిండిపదార్థాలు - 9.3 గ్రాములు (ఇందులో చక్కెరలు 4.2 గ్రాములు)
* పీచు - 1.7 గ్రాములు
* మాంసకృత్తులు - 1.1 గ్రాములు
* క్రొవ్వు - 0.1 గ్రాము
* విటమిన్ సి - 7.4 మిల్లీ గ్రాములు
* పొటాషియం - 146 మిల్లీ గ్రాములు

కాల్చినప్పుడు విటమిన్ సి కొంత నశిస్తుంది. నీటిలో ఉడికించి వార్చినప్పుడు పోయే లవణాలు, క్వెర్సెటిన్ అనే వర్ణపదార్థం పొట్టుతో కాల్చినప్పుడు చాలావరకు నిలుస్తాయి. క్వెర్సెటిన్ ఎక్కువగా పై పొరలలోనే ఉంటుంది కనుక వలిచేటప్పుడు మాడని పొరలను పారవేయకూడదు. మాంసకృత్తులు స్వల్పం కావడం వలన ఇది ఒక్కటే పూర్తి భోజనం కాదు. పప్పు, వేరుశనగలు, రొట్టె వంటివాటితో కలిపి తినవలెను.

జాగ్రత్తలు

నిలువ

కాల్చిన ఉల్లిపాయను వేడిగా ఉన్నప్పుడే తినడం ఉత్తమం. మిగిలినచో వలిచి, రెండు గంటలలోపు రిఫ్రిజిరేటరులో పెట్టి, మూడు నాలుగు రోజులలో వాడవలెను. తినే ముందు బాగా వేడిచేయవలెను. నూనెలో ముంచి గాని, రేకులో చుట్టి గాని బయట ఉంచరాదు. ఉల్లి నేలను అంటి పెరుగుతుంది కనుక దాని పొట్టు మీద క్లాస్ట్రిడియం బోట్యులినమ్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు ఉండవచ్చును. ఇవి వంట వేడికి చావవు. గాలి తగలని చోట, గోరువెచ్చని వేడిలో ఇవి మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేస్తాయి. వాసనను బట్టి గాని, రుచిని బట్టి గాని దీనిని తప్పక పసిగట్టగలమని చెప్పలేము.

1983లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియా పట్టణంలో ఒక భోజనశాలలో వేయించిన ఉల్లిపాయలను కృత్రిమ వెన్నలో ముంచి గోరువెచ్చగా నిలువ ఉంచారు. వాటిని తిన్నవారిలో 28 మంది బోట్యులిజం వ్యాధి బారిన పడ్డారు. చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం దీని తొలి లక్షణాలు. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

జీర్ణ సమస్యలు

కాల్చిన ఉల్లిపాయ పచ్చిదాని కంటె సులభంగా జీర్ణమవుతుందని చాలామంది భావిస్తారు. నోటికి, గొంతుకు ఘాటు తగలని మాట నిజమే. అయితే ఫ్రక్టాన్లు చాలావరకు మిగిలే ఉంటాయి. పెద్దప్రేవులలో ఇవి పులిసి వాయువును పుట్టిస్తాయి. ఇరిటబుల్ బొవెల్ సిండ్రోమ్ ఉన్నవారికి కాల్చిన ఉల్లిపాయ కూడా ఉబ్బరం, నొప్పి కలిగించవచ్చును.

పెంపుడు జంతువులు

కుక్కలకు, పిల్లులకు ఉల్లి విషం. ఇందులోని గంధక సమ్మేళనాలు వాటి ఎర్ర రక్తకణాలను నశింపజేస్తాయి. ఉడికించినా, కాల్చినా ఈ గుణం పోదు. తీసివేసిన పొరలను అవి తినే చోట పారవేయరాదు.

కాలిన గాయాలు

లోపల చిక్కిన ఆవిరి, పాకంవంటి రసం చేతిని తీవ్రంగా కాల్చగలవు. దించిన వెంటనే చేత్తో నొక్కరాదు. నల్లగా మాడిన పొరలను తినరాదు.

గృహవైద్యంలో

సెగగడ్డలు త్వరగా పక్వానికి రావడానికి కాల్చిన ఉల్లిపాయను గోరువెచ్చగా కట్టే అలవాటు తెలుగునాటనే కాక రష్యా వంటి దేశాలలో కూడా ఉన్నది. వెచ్చని కాపడం వలన గడ్డకు కొంత ఉపశమనం కలుగుతుంది. ఆ వేడి శుభ్రమైన వెచ్చని తడిగుడ్డతో కూడా లభిస్తుంది. ఎక్కువ వేడిగా కట్టినచో చర్మం కాలుతుంది. పగిలిన గడ్డ మీద కట్టరాదు. మధుమేహ రోగులు, జ్వరం ఉన్నవారు, ముఖం మీద గడ్డ లేచినవారు ఇంటి చికిత్సతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించవలెను.

ఇవి కూడా చూడండి

* ఉల్లి
* వెల్లుల్లి
* వంకాయ పచ్చడి
* పచ్చిపులుసు
* వీగనిజం
* శాకాహారం